కుందేళ్ల జంట ఉంది, ఒక్కదాన్నే అడుగుతున్నారు. ఇవ్వనా?

జాజితీగ
నా దగ్గర రెండు కుందేళ్లున్నాయి. సున్నం ఆడది, తెల్లగా ఉంటుంది, నాలుగేళ్లుంటాయి. మబ్బు మగవాడు, బూడిద రంగు, దానికంటే ఏడాది పెద్ద కావచ్చు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ పెరట్లో అట్టపెట్టెలో వదిలేసి పోతే రెస్క్యూ వాళ్లు తీసుకొచ్చారు. వాళ్ల దగ్గర్నుంచి రెండేళ్ల కిందట నేను తెచ్చుకున్నాను. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మబ్బుకి తల కుడివైపుకి వాలి ఉంటుంది. మందులు వాడాక జబ్బు ఆగింది, వాలు మాత్రం అలాగే మిగిలిపోయింది.

సంగతేంటంటే, ఎనిమిది నెలలుగా నాకు ఆయాసం. టెస్టు చేయిస్తే కుందేలు బొచ్చు పడకపోవడం కాదట, ఎండుగడ్డి పడటం లేదట. గడ్డి లేకపోతే అవి బతకవు, గడ్డి ఉంటే నాకు ఊపిరాడదు. మొన్న రాత్రి రెండుసార్లు ఇన్హేలర్ వాడాల్సి వచ్చింది.

ఒకావిడ వచ్చి చూసి వెళ్లారు. మనిషి మంచిదే, ఇల్లూ పెద్దదే. "తెల్లది ఇచ్చేయండి, ఆ మెడ వంకరది వద్దు" అన్నారు. ఒక్కదానికైనా మంచి ఇల్లు దొరికింది కదా అని మా వాళ్లు అంటున్నారు. రేపు సాయంత్రానికి చెప్పాలి. ఇవ్వనా?

రెండుచెవులు
వద్దు.

ఎర్రబస్సు
కుందేలు గడ్డి తింటుందని తెచ్చుకునేటప్పుడు తెలియదా? వారానికొకరు ఇదే గోల. ముచ్చట తీరాక అలర్జీ, బదిలీ, పెళ్లి, ఏదో ఒకటి దొరుకుతుంది.

జాజితీగ
గడ్డి తింటాయని తెలుసండీ. నాకు గడ్డి పడదనే తెలియదు. ముచ్చట తీరిపోతే రెండేళ్లపాటు రోజూ రెండు పూటలా ఆ లిట్టర్ ట్రే కడిగేదాన్ని కాదు.

నిద్రమత్తు
ఎర్రబస్సన్నా, ఆయాసంతో ఉన్న మనిషి మీదికి బస్సు పోనివ్వకు.

గడ్డిమోపు
ఇచ్చేయడం తర్వాత సంగతి, ముందు ఇవి చూశారా? దుమ్ము తీసేసిన గడ్డి వేరే దొరుకుతుంది. గడ్డిని గదిలో దులపకుండా బయటే దులిపి తేవడం, పెట్టేముందు నీళ్లు కొద్దిగా చిలకరించడం (తడి గడ్డి మిగిలితే మాత్రం తీసి పారేయాలి, బూజు పడుతుంది), ట్రే పని వేరేవాళ్లకి అప్పగించడం. మా ఆవిడకి తుమ్ములొస్తే ఇలాగే నెట్టుకొచ్చాం.

జాజితీగ
అన్నీ అయ్యాయి గడ్డిమోపు గారూ. మాస్కు, గాలి శుభ్రం చేసే మిషను, దుమ్ము లేని గడ్డి. బాల్కనీలోకి మార్చాను, మధ్యాహ్నానికి చెవులు కాలిపోతున్నట్టు వేడెక్కి రెండూ నేలకి అతుక్కుపోయి పడుకున్నాయి. భయం వేసి మళ్లీ లోపలికి తెచ్చాను. ట్రే పని మా తమ్ముడు చేసేవాడు, వాడు వేరే ఊరు వెళ్లిపోయాడు.

గడ్డిమోపు
అయితే ఇక చెప్పడానికేం లేదు. చెమట పట్టని ప్రాణులు, వేడంతా చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయమే. లోపలికి తెచ్చి మంచి పని చేశారు.

పాతకాపు
అసలు ప్రశ్నకి వద్దాం. ఒకే బోనులో ఉండటం వేరు, జోడు కట్టడం వేరు. ఆ తేడా చూసి నిర్ణయించుకోండి. ఇది మీరే చెప్పాలి, మేం ఇక్కడ కూర్చుని చెప్పలేం. ఒకదాన్నొకటి నాకుతాయా, లేక ఒకటే నాకి రెండోది నాకించుకుంటుందా? పడుకునేటప్పుడు ఆనుకుని పడుకుంటాయా, చెరో మూలా? మేత దగ్గర తోసుకుంటాయా? ఒకదాన్ని పక్క గదిలోకి తీసుకెళ్తే రెండోది ఏం చేస్తుంది?

ఇంకోటి. ఒకదాన్ని ఇచ్చేసి మిగిలినదానికి కొత్త తోడు తెద్దాంలే అనుకునేవాళ్లకి చెబుతున్నా. ముక్కూ మొహం తెలియని రెండు కుందేళ్లని ఒకచోట వదిలితే ముద్దులాడుకోవు. చెవులు చీల్చుకుంటాయి, అంతకంటే సున్నితమైన చోట్ల కొరుక్కుంటాయి. రెండింటిదీ కాని చోటు చూసి, రోజూ కాసేపు పక్కనే కూర్చుని కలపాలి. వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. మీ వాటి విషయంలో ఆ కష్టం ఎప్పుడో అయిపోయింది. అలాంటిది చేజేతులా ఎందుకు పాడుచేసుకోవడం?

జాజితీగ
పాతకాపు గారూ, ఒక్కటే చెబుతాను. తల వాలడం వల్ల మబ్బు తన కుడి చెవి తాను శుభ్రం చేసుకోలేడు. కాలు లేపితే పక్కకి పడిపోతాడు. రోజూ పొద్దున మేత అయ్యాక వాడు వెళ్లి సున్నం ముందు తల నేలకి ఆనించి పెడతాడు. అది ముందు ఆ కుడి చెవి లోపలంతా నాకుతుంది, తర్వాత కన్ను, ఆ తర్వాతే దాని సొంత పని. పడుకునేటప్పుడు వాలిన వైపు బుగ్గ దాని డొక్కకి ఆనిస్తాడు. అది లేస్తే వాడి తల కిందికి జారుతుంది. కళ్లు తెరిచి వెతుక్కుంటాడు.

రెండుచెవులు
ఇది రాశాక కూడా ఇవ్వనా అని అడుగుతున్నారా?

అడ్డతీగ
ఒక్క నిమిషం. అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి అడ్డం వస్తున్నా. మా రెండూ మూడేళ్లు కలిసే ఉన్నాయి. ఆడదానికి కాలు విరిగి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి తెచ్చాం. దాని ఒంటికి మందుల వాసన పట్టింది. మగది గుర్తుపట్టలేదు, మీదపడి చెవి చీల్చింది. ఆరు నెలలు తంటాలు పడ్డాం, కలవలేదు. చివరికి ఒకదాన్ని మా స్నేహితుడికి ఇచ్చాను. ఐదేళ్లయింది, రెండూ దుక్కల్లా ఉన్నాయి. కాబట్టి "విడదీస్తే చచ్చిపోతాయి" అని ఆవిడని భయపెట్టొద్దు. మనిషికి ఊపిరాడటం లేదు ఇక్కడ.

పాతకాపు
అవి కొట్టుకున్నాయి కాబట్టి విడదీశావు. సరైన పనే. ఇక్కడ ఒకటి ఇంకోదాని చెవి కడుగుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

అడ్డతీగ
ఒకటని నేను అనలేదు. ఈ జోడీ గొడవ దేవుడి శాసనమేం కాదంటున్నా.

పాతకాపు
నేనూ అనలేదు. నా పోస్టు మళ్లీ చదువు.

నిద్రమత్తు
ఇద్దరూ పట్టిన కుందేలుకీ మూడే కాళ్లు.

చెవులపిల్లి
నేను విడదీసినదాన్ని. అడ్డతీగ గారి కథ లాంటిది కాదు. కొట్టుకోలేదు, గొడవ లేదు, ఇల్లు చిన్నదని ఒకదాన్ని చుట్టాలకి ఇచ్చాను. మిగిలినది రెండోదాని ట్రే ఉన్న మూలకి వెళ్లి గోడవైపు మొహం పెట్టి కూర్చునేది. మూడో రోజుకి పెంటికలు మిరియాల్లా చిన్నవైపోయాయి. పరిగెత్తి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పేగుల కదలిక మందగించిందన్నారు. సిరంజితో మేత పట్టించి పట్టించి బతికించుకున్నాం. చావలేదు. కానీ మునుపటి కుందేలు కాదు. గెంతి గాల్లో మెలిక తిరగడం మళ్లీ చూడలేదు నేను.

వెట్_చదువు
చెవులపిల్లి గారు చెప్పింది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని కడుపు నడుస్తూనే ఉండాలి. పది, పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు పడకపోయినా అది ఎమర్జెన్సీ. "రేపు పొద్దున చూద్దాం" పనికిరాదు. బెంగ, ప్రయాణం, నొప్పి, ఏదైనా దీన్ని మొదలుపెట్టగలదు. ఇల్లు మారే రోజు ఈ మూడింట్లో రెండు ఎలాగూ ఉంటాయి, పక్కన తోడుంటే కాస్త నయం.

జాజితీగ గారూ, ఒక ప్రశ్న. తల వాలడానికి కారణం ఏమన్నారు? చెవిలో ఇన్ఫెక్షనా, పరాన్నజీవా?

జాజితీగ
పరాన్నజీవి. పేరు నోరు తిరగదు. 28 రోజులు ఫెన్‌బెండజోల్ ఇచ్చారు. రెస్క్యూ వాళ్ల దగ్గర ఉన్నప్పటి సంగతి, రెండేళ్లు దాటింది.

వెట్_చదువు
ఎన్సెఫాలిటోజూన్ కునిక్యులై. మూత్రం ద్వారా ఇంకో కుందేలుకి అంటుతుంది. సోకిన కొత్తలో కొన్ని వారాలే ఎక్కువగా బయటికి వస్తుంది, ఇంత పాత కేసులో ఆ భయం తక్కువ. అయినా వేరే కుందేళ్లున్న ఇంటికి ఇచ్చేట్టయితే దాచకుండా చెప్పాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లు ఉన్న ఇంటికైతే వాళ్ల డాక్టరుని అడగమనండి. కలిసే ఉన్నాయి కాబట్టి సున్నానికీ సోకి ఉండొచ్చు, రక్తపరీక్షలో తేలినా దానర్థం ఎప్పుడో సోకిందని మాత్రమే, జబ్బుందని కాదు.

జాజితీగ
ఆవిడకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఆవిడేం కోప్పడలేదు. "నాకు రెండు చేతకాదమ్మా, అందుకే అడిగాను" అన్నారు. ఆవిడ కూడా తప్పు మనిషేం కాదు.

ఇప్పుడు అసలు కష్టం. నాలుగేళ్లది, ఐదేళ్లది, పైగా ఒకటి మెడ వంకర. రెండూ కలిపి ఎవరు తీసుకుంటారు?

నిద్రమత్తు
తిరిగి తిరిగి కుందేటి కొమ్మైనా సాధించొచ్చు గానీ...

రెండుచెవులు
నువ్వు పడుకో నిద్రమత్తూ.

జాజితీగ గారూ, అసలు ఆ రెస్క్యూ వాళ్లకి చెప్పారా? దత్తత ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు కదా. పెంచలేకపోతే ముందు మాకే తిరిగివ్వాలి, వేరేవాళ్లకి ఇవ్వకూడదు అని చాలామంది రాయించుకుంటారు.

జాజితీగ
కాగితం ఉంది. ఏ ఫైల్లో పెట్టానో చూస్తాను.

జాజితీగ
దొరికింది. మొదటి పేజీలోనే ఉంది. చదవకుండా సంతకం పెట్టానన్నమాట. సిగ్గేసింది. ఫోన్ చేస్తే తిట్టలేదు. ప్రస్తుతం వాళ్ల దగ్గర జాగా లేదు, ఉన్న బోన్లన్నీ నిండిపోయాయట. మీ దగ్గరే ఉంచి ఇల్లు వెతకండి, వచ్చినవాళ్లని మా దగ్గరికి పంపితే మేం మాట్లాడి చూస్తాం అన్నారు.

ఎర్రబస్సు
మొదట్లో దురుసుగా మాట్లాడాను. నేను ఐదేళ్లు ఒక రెస్క్యూలో వారాంతాల్లో పనిచేశాను, అట్టపెట్టెలు విప్పీ విప్పీ మనుషుల మీద నమ్మకం పోయింది. అది మీ తప్పు కాదు.

ప్రకటన రాశారా? రాస్తే ముందు ఇక్కడ పెట్టండి.

జాజితీగ
ఇదీ రాసింది: "ముద్దులొలికే రెండు కుందేళ్లు ఉచితం. ఎవరికీ ఇబ్బంది పెట్టవు. పిల్లలున్న ఇంటికి చాలా బాగుంటాయి. త్వరపడండి."

ఎర్రబస్సు
తీసేయండి, మొత్తం.

"ఉచితం" చూసి ముందు వచ్చేది పాముల్ని పెంచేవాడు, లేదంటే కూరకి అడిగేవాడు. ఎంతో కొంత రుసుము పెట్టండి, మీకు అక్కర్లేకపోతే ఆ డబ్బు రెస్క్యూకి ఇవ్వండి. డబ్బు కోసం కాదు, వడపోతకి. "త్వరపడండి" అంటే ఆలోచించకుండా వచ్చేవాళ్లే వస్తారు, మనకి కావలసింది ఆలోచించేవాళ్లు. "ఇబ్బంది పెట్టవు" అబద్ధం. వైర్లు కొరకని కుందేలుని నేను చూడలేదు.

గడ్డిమోపు
ఇంటర్నెట్ వైరు కొరికి మా ఇంట్లో రెండు రోజులు ప్రశాంతత తెచ్చింది మాది.

చెవులపిల్లి
పిల్లల మాట కూడా తీసేయండి. కుందేలుకి ఎత్తుకోవడం ఇష్టం ఉండదు. చంటిపిల్ల ఎత్తితే వెనక కాళ్లతో తన్నుతుంది, ఆ తన్నుకి దాని వెన్నే విరగొచ్చు. పెద్దవాళ్లు నేలమీద కూర్చునే ఇల్లు కావాలి మనకి.

పాతకాపు
మబ్బు తల సంగతి మొదటి వాక్యంలోనే రాయండి, ఫోటో కూడా ఆ వైపు నుంచే తీయండి. చివర్లో రాస్తే లోపం దాచినట్టుంటుంది. ముందే రాస్తే ఆ వాలు చూసి జాలిపడే మనిషి కాదు, ఆ వాలు చూసి "గడ్డి ఎలా తింటాడు?" అని అడిగే మనిషి వస్తాడు. నెమ్మదిగా వస్తాడు, ఓపిక పట్టండి.

ఎంత చోటు కావాలో కూడా రాయండి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ రెండు కుందేళ్లకి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. అది చదివి సగం మంది తప్పుకుంటారు. తప్పుకోనీండి.

జాజితీగ
మార్చాను. "తల ఒకవైపు వాలిన ఐదేళ్ల మగ కుందేలు, దాని చెవి శుభ్రం చేసే నాలుగేళ్ల ఆడ కుందేలు. కలిపి మాత్రమే. రెండింటికీ ఆపరేషన్ అయింది, కాగితాలున్నాయి. వైర్లు కొరుకుతాయి. గడ్డి దుమ్ము పడనివాళ్లకి కుదరదు. 3 మీటర్లు బై 2 మీటర్ల చోటు ఉండాలి. రుసుము ఉంటుంది. ముందు ఇల్లు చూస్తాం."

నిద్రమత్తు
ఇది ప్రకటనా, పెళ్లి సంబంధమా? జాతకాలు కూడా జతచేయండి.

అడ్డతీగ
నిజంగా బాగుంది. ఆ చెవి ముక్కతో నేనే పడిపోయాను. మా ఇంట్లో చోటు లేదు గానీ.

గడ్డిమోపు
కాగితాల మాటొచ్చింది కాబట్టి. మాకు "ఇద్దరూ అక్కాచెల్లెళ్లే" అని ఇచ్చారు. సరిగ్గా 31వ రోజు పొద్దున గూట్లో ఆరు గులాబీ రంగు వేళ్లలాంటివి కదులుతున్నాయి. ఒక చెల్లెలు తమ్ముడట.

వెట్_చదువు
మగదానికి ఆపరేషన్ చేశాక కూడా ఆరు వారాల దాకా ఆడదాని దగ్గరికి పంపకూడదు, అది కూడా చాలామందికి తెలియదు.

రెండుచెవులు
పక్కదారి ప్రశ్న. సున్నం అని పేరెందుకు పెట్టారు? తెల్లగా ఉందనా?

జాజితీగ
కాదు. తెచ్చిన మొదటి రోజు నేలమీద పోస్తే తెల్లగా సున్నం నీళ్లలా ఆరింది. జబ్బేమో అని హడలిపోయాను.

వెట్_చదువు
నిజంగానే సున్నమే అది! కుందేలు మేతలో ఎంత కాల్షియం ఉంటే అంతా లోపలికి పీల్చుకుని, ఎక్కువైంది మూత్రంలో వదిలేస్తుంది. కొంచెం తెలుపు మామూలే. చిక్కగా, పిండిలా వస్తే మాత్రం చూపించాలి. పెద్ద కుందేళ్లకి అల్ఫాల్ఫా గడ్డి తగ్గించమనేది అందుకే.

జాజితీగ (తొమ్మిది రోజుల తర్వాత)
ఇప్పటిదాకా పదకొండు ఫోన్లు. ఒకాయన "రెండూ కలిపి ఎన్ని కిలోలుంటాయి?" అన్నాడు. ఎందుకండీ అంటే పెట్టేశాడు. ఇద్దరు పుట్టినరోజు కానుకకి అడిగారు. ఒకరు ఆడదానికి ఆపరేషన్ అయిందని తెలియగానే "అయితే ఏం లాభం" అన్నారు. మిగతావాళ్లంతా తెల్లదే.

ఇంకో తప్పు చేశాను. ఎవరొచ్చినా తయారుగా ఉండాలని మబ్బుని ఒక్కడినే గోళ్లు తీయించడానికి, పళ్లు చూపించడానికి తీసుకెళ్లాను. రెండు గంటలే. తిరిగొచ్చాక సున్నం వాడి వాసన చూసి వెనక కాలితో నేలమీద దబ్బున కొట్టింది, మూడు చుట్లు తరిమింది. వాడు మంచం కిందికి పోయి బయటికి రాడు. నా వల్లే.

అడ్డతీగ
నేను పైన చెప్పింది ఇదే. మందుల వాసన. ఇప్పుడే ఆపండి, పొద్దుటి దాకా వదలొద్దు. రెండింటినీ ఒకే బుట్టలో కూర్చోబెట్టి, ఏదైనా బండిలో పావుగంట తిప్పండి. భయంలో ఒకదానికొకటి ఒదుగుతాయి. బుట్టలో కాట్లాడుకుంటే మాత్రం వెంటనే తీసేయాలి. ఇంటికొచ్చాక అవి ఎప్పుడూ తిరగని గదిలో దింపండి. దాని పాత పక్కగుడ్డ ఉంటే వాడి ఒంటికి రుద్దండి.

పాతకాపు
అడ్డతీగ చెప్పింది చెయ్యండి. ఈ ముక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక మీదట ఒకదానికి ఒళ్లు బాగోకపోయినా డాక్టరు దగ్గరికి రెండూ వెళ్లాలి.

జాజితీగ
బుట్టలో కొట్టుకోలేదు. అరగంట తిప్పాం. వంటగదిలో దింపితే రెండూ ఫ్రిజ్ పక్కన నక్కాయి. రాత్రి పదకొండుకి వాడు తల నేలకి ఆనించాడు. అది చాలాసేపు అటూ ఇటూ చూసింది. చివరికి నాకింది. నేను నేలమీద కూర్చుని ఏడ్చాను, ఆయాసం ఇంకా ఎక్కువైంది.

అడ్డతీగ
హమ్మయ్య.

జాజితీగ (మరో పదమూడు రోజుల తర్వాత)
రెస్క్యూ వాళ్ల ద్వారా ఒకరొచ్చారు. తల్లీ, ఉద్యోగం చేసే కొడుకూ. వాళ్ల కుందేళ్లు రెండూ ముసలివై చనిపోయాయి, రెండోది పోయి నాలుగు నెలలైందట. మొదటిది పోయినప్పుడు దాన్ని కొన్ని గంటలు రెండోదాని దగ్గరే ఉంచామని చెప్పారు, అది వాసన చూసి, నాకి, తనంతట తనే పక్కకి వచ్చేసిందట. ఇల్లు చూసి వచ్చాను. ఒక గది వాటికే. నేలమీద చాప, వైర్లన్నీ గొట్టాల్లో.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "పెంటికలు ఏ సైజులో వేస్తాడమ్మా?"

ఎర్రబస్సు
ఇచ్చేయండి.

పాతకాపు
ఇచ్చేయండి. రెండు వారాలు ట్రయల్ అని కాగితం మీద రాసుకోండి, అటూ ఇటూ ఎవరికీ మొహమాటం ఉండదు.

చెవులపిల్లి
తీసుకెళ్లేటప్పుడు ఒకే బుట్ట. లిట్టర్ ట్రే కడగొద్దు! కాస్త పాత గడ్డి, పెంటికలు అందులోనే ఉంచి పంపండి. కంపే, కానీ కొత్త ఇంట్లో వాటికి తెలిసిన చోటు అదొక్కటే. పక్కగుడ్డ కూడా ఉతకొద్దు.

వెట్_చదువు
మీ దగ్గర ఉన్న గడ్డి, పెల్లెట్లు రెండు వారాలకి సరిపడా పంపండి. మేత మార్చాలంటే కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. మందుల చరిత్ర, టీకాలు వేయించి ఉంటే ఆ కార్డు ఇవ్వండి. 2010లో ఫ్రాన్స్‌లో బయటపడ్డ కొత్త రకం కుందేళ్ల రక్తస్రావ వైరస్ చాలా దేశాలకి పాకింది, టీకా దొరికే చోట వేయించడమే మంచిది. కుందేళ్లు తెలియని డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే రెండు మాటలు రాసివ్వండి: నోటి ద్వారా అమాక్సిసిలిన్ వద్దు, పేలకి ఫిప్రోనిల్ వద్దు. కుక్కలకి మామూలుగా వాడేవే ఇవి, కుందేలుకి ప్రాణం మీదికి తెస్తాయి.

జాజితీగ
నాలుగు పేజీలు రాశాను. ఆదివారం వెళ్తున్నాయి.

జాజితీగ
వెళ్లాయి. సాయంత్రం ఐదింటికి దింపాం. ఇప్పుడు రాత్రి ఒంటిగంట. ఆవిడ మెసేజ్ పెట్టారు, ట్రేలో తొమ్మిది పెంటికలున్నాయట. ఎవరివో తెలియదు. ఇద్దరూ వేసుంటే ఫర్వాలేదు, తొమ్మిదీ సున్నానివే అయితే? ఎవరైనా మేలుకుని ఉన్నారా?

నిద్రమత్తు
ఉన్నాను. పేరు చూసి మోసపోకండి.

వెట్_చదువు
పెంటికలు లెక్కపెట్టి తేల్చలేం. చెరో పిడికెడు గడ్డి ముందు పెట్టి, దూరంగా కూర్చుని దవడలు చూడమనండి. ఎవరు నములుతున్నారో తెలుస్తుంది.

జాజితీగ
సున్నం నములుతోందట. మబ్బు గడ్డి దాకా వెళ్లి, తల పైకెత్తి, పక్కకి పడి, లేచి వెనక్కి వచ్చేస్తున్నాడట. రెండుసార్లు అలాగే అయింది. నొప్పా? మళ్లీ ఆ తల జబ్బు తిరగబెట్టిందా?

పాతకాపు
ఒక్క క్షణం. తల పైకెత్తి అన్నారు. గడ్డి ఎక్కడుంది?

జాజితీగ
అయ్యో.

గోడకి జాలీ ఉంది వాళ్లింట్లో, వాళ్ల పాత కుందేళ్లది. గడ్డి అందులో పెట్టారట, ముందు పెట్టిన పిడికెడు కూడా అందులోనే. నేనెప్పుడూ వాడికి నేలమీద, ఎడమవైపుకి పరిచేదాన్ని. పైకి చూస్తే వాడికి తూలు వస్తుంది. నాలుగు పేజీలు రాశాను, ఆ ఒక్క ముక్క రాయలేదు. రోజూ చేసేది కదా, అది చెప్పాల్సిన విషయమని తోచనే లేదు. ఇప్పుడే ఫోన్ చేస్తాను.

రెండుచెవులు
ఏమైంది?

నిద్రమత్తు
పావుతక్కువ రెండు.

జాజితీగ
తింటున్నాడు. ఆవిడ వీడియో పెట్టారు. చీకట్లో దవడలు ఆడటం తప్ప ఏం కనపడదు, కరకర మాత్రం వినపడుతోంది. నాలుగుసార్లు చూశాను.

పాతకాపు
పడుకోండి ఇక.

జాజితీగ (ట్రయల్ అయ్యాక)
రెండు వారాలైంది. సంతకాలయ్యాయి. జాలీ తీసేశారు. పొద్దుట చెవి కార్యక్రమం అక్కడా జరుగుతోందట, కాకపోతే సోఫా కింద. పెంచలేకపోతే మళ్లీ రెస్క్యూకే ఇవ్వాలన్న షరతు కాగితంలో ఉంది. ఈసారి ఆవిడా నేనూ ఇద్దరం చదివాం.

చూడటానికి రమ్మంటున్నారు. మాస్కు వేసుకుని పది నిమిషాలు వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఇన్హేలర్ ఈ వారం ముట్టుకోలేదు.

అడ్డతీగ
వెళ్లండి. కిటికీ దగ్గర కూర్చోండి.

ఎర్రబస్సు
మేడమ్, ఆ ప్రకటన రాత మా పాత రెస్క్యూ వాళ్లకి పంపొచ్చా? పేర్లు తీసేసి.

జాజితీగ
పంపండి. అది నేనొక్కదాన్నే రాసింది కాదు కదా.

దుమ్ము లేని గడ్డి బస్తా ఒకటి విప్పనిది మిగిలిపోయింది. గుమ్మం బయట పెట్టాను. ఎవరికైనా కావాలంటే చెప్పండి, నేను మాత్రం మోయలేను.

గడ్డిమోపు
నాకు. ఆ పేరు పెట్టుకున్నాక వదులుకుంటానా.